పాత సిపాయికి కొత్త ప్రాణం

*పారేసే ప్లాస్టిక్ పుల్లే ముడిసరుకు. కొవ్వొత్తి, కత్తి, కాస్త జిగురు... వీటితోనే అర్ధశతాబ్దం నాటి బుల్లి సైనికుడిని నిలబెడుతున్నారు మోడల్ ప్రియులు.*

అట్టపెట్టె మూత తెరవగానే ఓ ప్లాస్టిక్ చట్రం. దానికి కాయల్లా వేలాడుతూ ఓ తల, రెండు చేతులు, రెండు కాళ్లు, ఓ తుపాకీ. అన్నిటినీ తుంచి అతికిస్తే రెండంగుళాల చిల్లర ఎత్తున్న సిపాయి తయారు. తీరా చూస్తే అతని మొహంలో కళ లేదు. తుపాకీకి ఉండాల్సిన తోలుపట్టీ పలకలా బిగుసుకుపోయింది. తల మీంచి భుజం దాకా ఓ గీత. ‘ఇంతేనా!’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం భాగాలు తీసేశాక మిగిలిన ఆ చట్రాన్ని చేతిలోకి తీసుకుంటారు. అసలు ఆట అక్కడే మొదలవుతుంది.

ఈ ఆటకు నియమం ఒక్కటే. పెట్టెలో వచ్చిన సరుకు తప్ప బయటిదేదీ బొమ్మకు చేర్చకూడదు. దుకాణంలో దొరికే రెజిన్ తలలు, లోహపు బకిల్స్, పుట్టీ... ఏవీ పనికిరావు. కత్తి, జిగురు, రంగులు పనిముట్ల కింద లెక్క కాబట్టి వాటికి మాత్రం మినహాయింపు.

రబ్బరు బొమ్మల నుంచి...

ఇలాంటి సిపాయిలకు పుట్టినిల్లు అనదగ్గ పేర్లలో ముందు వినిపించేది బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్. 1939లో హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ దాన్ని స్థాపించాడు. మొదట్లో తయారుచేసింది గాలి నింపే రబ్బరు బొమ్మలు. ఆ తర్వాత దువ్వెనలు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ నమూనా చేశాక దారి మారింది. 1952లో ‘గోల్డెన్ హైండ్’ ఓడ కిట్‌ను చవగ్గా వూల్‌వర్త్స్ దుకాణాల్లో పెట్టేసరికి పిల్లలు ఎగబడ్డారు.

1970లలో ఆ సంస్థ 54 మిల్లీమీటర్ల సైనికుల వరస తెచ్చింది. నిజమైన మనిషిలో సుమారు 32వ వంతన్నమాట. 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్‌తో తలపడిన సేనలు అందులో ముఖ్యం. ఆకుపచ్చ కోటు తొడిగిన బ్రిటిష్ 95వ రైఫిల్స్ సైనికుడూ వాటిలో ఒకడు.

కంపెనీకి మాత్రం ఒడిదుడుకులు తప్పలేదు. 1981లో దివాలా. కొన్నాళ్లు పాలిటాయ్ చేతిలో, 1986 నుంచి హంబ్రోల్ చేతిలో. 2006లో హంబ్రోల్ కూడా మునగడంతో హార్న్‌బీ కొనుక్కుంది. అందుకే పాత సిపాయి పెట్టె చేతికొస్తే పాడుచేసుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. ఒక్క కోత తప్పు పడితే ఇంకో చెయ్యి దొరుకుతుందన్న భరోసా లేదు మరి!

తప్పు అచ్చుదే!

మొహం మొద్దుగా, పట్టీలు పలకల్లా ఎందుకుంటాయి? శిల్పి చేతకానివాడనుకుంటే పొరపాటే. కరిగిన ప్లాస్టిక్‌ను రెండు ఉక్కు అచ్చుల మధ్యకు ఒత్తిడితో పంపుతారు. చల్లారాక అచ్చులు తిన్నగా విడిపోవాలి. పక్కకు తిరిగిన సందు, వెనక్కి మెలిక ఉన్న మడత ఏదైనా ఉంటే బొమ్మ అచ్చులోనే ఇరుక్కుంటుంది. అందుకే చంకకింద సందులు, పట్టీ వెనక ఖాళీలు ప్లాస్టిక్‌తో పూడిపోతాయి. రెండు అచ్చులు కలిసినచోట గీత మిగులుతుంది.

కొలతలదీ అదే కథ. మూడు మిల్లీమీటర్ల మందమున్న తోలుపట్టీని 32వ వంతుకు కుదిస్తే మిగిలేది మిల్లీమీటరులో పదో వంతు. అచ్చులో అంత పల్చగా పోయడం కుదరదు. కానీ పెట్టెలోనే అంత పల్చటి సరుకు ఒకటుంది. బొమ్మను ఎలా అతికించాలో చెప్పే కాగితం! దాని మందం దాదాపు అంతే. అంచు నుంచి మిల్లీమీటరు వెడల్పున సన్నటి చీలిక కోసి, వేలి చుట్టూ తిప్పి కాస్త ఒంపు తెస్తే చాలు. పలకలాంటి పాత పట్టీని చెక్కేసి దీన్ని అతికిస్తే తుపాకీ నిజంగానే భుజానికి వేలాడుతుంది.

పుల్లలోంచి దారం

ఈ విద్యలో మొదటి పాఠం చట్రాన్ని సాగదీయడం. దీన్ని స్ప్రూ అంటారు. పాలిస్టైరీన్ ప్లాస్టిక్ సుమారు వంద డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. పుల్ల రెండు కొసలూ పట్టుకుని, కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ ఉండాలి. మధ్యలో మెరుపు వచ్చి మెత్తబడగానే మంట నుంచి తప్పించి రెండువైపులా లాగాలి. మెల్లగా లాగితే తీగ, గబుక్కున లాగితే వెంట్రుక. చల్లారేదాకా బిగువు వదలకూడదు. మంటకు తగిలిందా, నల్లటి పొగతో అంటుకుంటుంది. కిటికీ తెరిచిపెట్టుకుని, పిల్లలైతే పెద్దవాళ్ల ఎదుటే చేయాలి.

ఆ దారంతో ఎన్నో పనులు. సైనికుడి మందుగుండు కొమ్ముకు తాడవుతుంది. వేడి తగ్గకముందే సూది చుట్టూ తిప్పితే బకిల్. దారం కొసను మంట దగ్గరికి తెస్తే గుండ్రంగా ముడుచుకుని గుబ్బ అవుతుంది. కాస్త లావు తీగను ఉల్లిపాయ తరిగినట్టు పల్చగా తరిగితే గుండీలు. 95వ రైఫిల్స్ కోటుకు ముందువైపు మూడు వరసల గుండీలుంటాయి. కాబట్టి ఓపికా అంతే ఉండాలి.

రెండో పాఠం ముద్ద. మిగిలిన స్ప్రూను చిన్నచిన్న ముక్కలుగా తరిగి ద్రవరూపంలో ఉన్న మోడల్ జిగురులో వేసి, మూతపెట్టి రాత్రంతా ఉంచితే తేనెలా చిక్కబడుతుంది. ఈ జిగురు నిజానికి అతికించదు, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక రెండు ముక్కలూ ఒకటే ముక్కవుతాయి. కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో బొమ్మ అతుకులు పూడుస్తారు చూడండి... ఇదీ అలాంటిదే. అయితే తొందర పనికిరాదు. పూసిన ముద్ద పూర్తిగా గట్టిపడేందుకు ఒకటి రెండు రోజులైనా ఆగాలి. ఈలోపు గీకితే గుంట పడుతుంది.

అన్ని బొమ్మలకూ ఈ మంత్రం పారదు. పాత రోజుల్లో సంచుల్లో వచ్చిన అంగుళం ఎత్తు మెత్తటి సిపాయిలు పాలిథీన్‌వి. వాటిని ఈ జిగురు కరిగించలేదు.

ఒక్క కోత... వెనక్కి లేదు

అతుకుగీతను కత్తి వీపుతో గీకేయడం, చంకకింద పూడిన ప్లాస్టిక్‌ను తొలవడం తేలిక. అసలు పరీక్ష భంగిమ మార్చడంలో ఉంది. బిగదీసుకుని నిలబడ్డవాణ్ని గురిచూస్తున్నవాడిగా మార్చాలంటే మోచెయ్యి కోయాల్సిందే. లోపలివైపు చిన్న త్రికోణం తీసేసి వంచి, బయట తెరుచుకున్న సందును ముద్దతో నింపాలి. ఆరాక చొక్కా మడతలు చెక్కాలి. అద్దం ముందు నిలబడి అదే భంగిమ పెట్టి చూసుకుంటే మడతలు ఎక్కడ పడతాయో తెలుస్తుంది.

చివరిది తుపాకీ మూతి. ఆ సైనికుడి బేకర్ రైఫిల్ రంధ్రం అసలు కొలత సుమారు 16 మిల్లీమీటర్లు. బొమ్మలో అర మిల్లీమీటరు. సూదిమొనతో సరిగ్గా మధ్యలో గుచ్చి నెమ్మదిగా తిప్పాలి. చెయ్యి వణికితే గొట్టం చీలుతుంది. అప్పుడూ స్ప్రూనే దిక్కు, కొత్త గొట్టం సాగదీసుకోవడమే.

1970లలో అమెరికా కళాకారుడు షెపర్డ్ పెయిన్ (1946–2015) మోనోగ్రామ్ కిట్లతో వచ్చే చిట్కాల కరపత్రాల ద్వారా ఎంతోమంది కుర్రాళ్లకు ఇలాంటి పనితనం రుచి చూపించాడు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ కనురెప్పలతో సహా మొహాన్ని అచ్చేస్తోంది. అలాంటప్పుడు ఇంత అవస్థ ఎందుకు? పెట్టె తెరవకుండా దాచుకుంటే సేకర్తల దగ్గర విలువ కూడా ఉంటుందిగా?

నిజమే. కానీ మూత తెరవని పెట్టెలో సిపాయి లేడు, ముక్కలే ఉన్నాయి. కొన్న తల ఎంత అందంగా ఉన్నా అది ఇంకొకరి పనితనం. వంకరగా కుదిరిన గుండీ అయినా తన చేత్తో తరిగిందే అన్న తృప్తి వేరు. ఎక్కడ ఆగాలో తెలియడమూ ఇందులో భాగమే. అన్నీ మార్చేస్తే పాత సిపాయి ఉండడు.

పని పూర్తయ్యేసరికి బల్లమీద ఆకుపచ్చ కోటు సైనికుడు గురిచూస్తుంటాడు. పక్కన చట్రం ఉండాల్సినచోట నాలుగు ప్లాస్టిక్ పొట్టు రేణువులు. చెత్తబుట్టలోకి వెళ్లాల్సింది వెళ్లలేదు... కోటు గుండీలై కూర్చుంది!