మోగే ట్యాపెట్ కన్నా మోగని ట్యాపెట్‌తోనే ముప్పు.. బోటుకైనా, చెరువు జనరేటర్‌కైనా ఇదే లెక్క!

ఇంజిన్‌లో 'టక్ టక్' మని శబ్దం వస్తే కంగారుపడి మెకానిక్‌కు ఫోన్ చేస్తాం. శబ్దం దానంతట అదే తగ్గిపోతే హమ్మయ్య అనుకుంటాం. కానీ ట్యాపెట్ల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. మోగే ట్యాపెట్ పవర్ తగ్గిస్తుంది.. మోగని ట్యాపెట్ వాల్వునే కాల్చేయొచ్చు. మచిలీపట్నం బోట్ల నుంచి దివిసీమ రొయ్యల చెరువుల దాకా ఇంజిన్ మీద ఆధారపడ్డ ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఇంజిన్ ఆగితే ఏమవుతుంది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో వేట నిషేధం. గిలకలదిండి హార్బర్‌లోనైనా, నాగాయలంక, కోడూరు వైపు తీర గ్రామాల్లోనైనా వలలు బాగు చేసుకోవడానికి, ఇంజిన్లు విప్పి చూసుకోవడానికి దొరికే సమయం అదే. ఆ రెండు నెలల్లో వదిలేసిన లోపం నడి సముద్రంలో బయటపడితే.. ఇంకో బోటు వచ్చి లాక్కెళ్లే దాకా ఎదురు చూడాల్సిందే.

చెరువుల దగ్గర కూడా అంతే. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైమ్‌కు కరెంటు పోయి, జనరేటర్ లేవకపోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. రొయ్యలు పైకి తేలడం మొదలైతే పంట మొత్తం చేజారిపోవచ్చు. గుడివాడ, నందివాడ వైపు చేపల చెరువులకు, కాలువ నీళ్లు అందని పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్లదీ ఇదే కథ.

అసలు ట్యాపెట్ గ్యాప్ ఎందుకు?

ఇంజిన్‌లో గాలి లోపలికి రావడానికి ఇన్‌లెట్ వాల్వు, పొగ బయటికి పోవడానికి ఎగ్జాస్ట్ వాల్వు ఉంటాయి. క్యామ్ తిరుగుతూ రాకర్‌ను నెడితే, రాకర్ వాల్వును నొక్కి తెరుస్తుంది. రాకర్‌కు, వాల్వు చివరకు మధ్య కావాలనే కాస్త ఖాళీ వదులుతారు. ఇంజిన్ వేడెక్కితే వాల్వు సాగుతుంది. ఆ సాగడానికి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు.

ఈ ఖాళీ చాలా చిన్నది. చాలా ఇంజిన్లలో 0.15 నుంచి 0.35 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు.. అంటే రెండు మూడు కాగితాల మందమే! ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి చాలా ఇంజిన్లలో దానికి ఇన్‌లెట్ కన్నా కాస్త ఎక్కువ గ్యాప్ ఇస్తారు. కచ్చితమైన కొలత మాత్రం ఆ ఇంజిన్ మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే.

శబ్దం రాకపోతే ఎందుకు ప్రమాదం?

గ్యాప్ ఎక్కువైతే రాకర్ ప్రతిసారీ వాల్వు మీద సుత్తిలా కొడుతుంది. అదే మనం వినే 'టక్ టక్'. వాల్వు ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుంటుంది. పవర్ తగ్గుతుంది, రాకర్ అరుగుతుంది. అయితే శబ్దం ముందే హెచ్చరిస్తుంది కాబట్టి సరిచేసుకునే టైమ్ ఉంటుంది.

గ్యాప్ తగ్గితే అసలు కథ మొదలవుతుంది. ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్‌లో వాల్వు, అది కూర్చునే సీటు రెండూ అరుగుతాయి. వాల్వు కొద్దికొద్దిగా సీటులోకి దిగిపోతుంది, దాని చివర రాకర్ వైపు జరుగుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండానే గ్యాప్ తగ్గిపోతుంది. శబ్దం ఉండదు. ఇంజిన్ 'స్మూత్‌గా' ఉందనిపిస్తుంది. గ్యాస్‌తో నడిచే ఆటోలు, కార్లలో సీటు అరుగుదల ఇంకా ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటికి చెకింగ్ త్వరగా అవసరం.

ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని మూసుకుని సీటుకు ఆనుకున్నప్పుడే వదిలించుకుంటుంది. సరిగా ఆనకపోతే ఆ వేడి పోయే దారి ఉండదు. పైగా సందులోంచి మండే గ్యాస్ దూసుకొస్తుంది. అలా వాల్వు అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది. 1500 ఆర్‌పీఎం మీద తిరిగే జనరేటర్‌లో ఒక్కో వాల్వు నిమిషానికి 750 సార్లు, గంటకు 45 వేల సార్లు తెరుచుకుంటుంది. తప్పు ఎంత చిన్నదైనా అన్నిసార్లు జరుగుతుందన్న మాట.

దీనికి ఒక గుర్తు ఉంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయ్యే ఇంజిన్, వేడెక్కాక ఆపితే మళ్లీ మొండికేస్తోందా? అయితే ముందు ట్యాపెట్లు చూడాలి.

సెట్టింగ్ ఎలా చేస్తారు?

మాన్యువల్‌లో వేడి మీద చేయమని ఉంటే తప్ప, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఈ పని మొదలుపెట్టాలి. రాకర్ కవర్ విప్పి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పై చివరకు తేవాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని, రాకర్లు రెండూ వదులుగా కదులుతాయి. ఫ్లైవీల్ గుర్తు కలిసినా రాకర్ బిగుసుకుని ఉంటే అది వేరే స్ట్రోక్. ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

తర్వాత సరైన మందం ఉన్న ఫీలర్ గేజ్ రేకును సందులో పెట్టి, లాక్ నట్ వదులు చేసి స్క్రూ తిప్పాలి. రేకు కాస్త పట్టినట్టు జారాలి. ఊడిపడినట్టు వచ్చినా, లాగితే రాకపోయినా తప్పే. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కొంచెం కదిలిపోవచ్చు. కాబట్టి బిగించాక మరోసారి కొలవాలి.

టైమింగ్ ఎప్పుడు ముట్టుకోవాలి?

ట్యాపెట్లు సరిచేశాకే టైమింగ్ జోలికి వెళ్లాలి. ఎందుకంటే వాల్వు లీకైనా తెల్ల పొగ వస్తుంది, టైమింగ్ వెనక్కి జరిగినా తెల్ల పొగ వస్తుంది. ముందే టైమింగ్ మార్చేస్తే ఉన్న లోపానికి ఇంకోటి తోడవుతుంది.

డీజిల్ పిచికారీ అయిన వెంటనే అంటుకోదు. కొంత వ్యవధి పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే పంపు డీజిల్ అందించాలి. ఉదాహరణకు కిర్లోస్కర్ టీవీ1 ఇంజిన్‌కు ఇది 23 డిగ్రీల ముందు. 1500 ఆర్‌పీఎం దగ్గర ఆ వ్యవధి సెకనులో సుమారు 400వ వంతు! పంపు కింద షిమ్ములు పెట్టే ఇంజిన్లలో ఒక షిమ్ము తీస్తే టైమింగ్ ముందుకు, చేరిస్తే వెనక్కి జరుగుతుంది.

టైమింగ్ బాగా ముందుకు జరిగితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని వెనక్కి తోస్తుంది. ఇంజిన్ నాకింగ్ కొడుతుంది. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే ఇంజిన్ అయితే హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరిగే ప్రమాదం కూడా ఉంది. వెనక్కి జరిగితే పొగ, వేడి పెరుగుతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

కార్లు, బైకుల సంగతేంటి?

పెట్రోల్ ఇంజిన్‌లో డీజిల్ పిచికారీ బదులు స్పార్క్ పడుతుంది. అంతే తేడా, సూత్రం ఒకటే. పాయింట్లున్న పాత కార్లలో ముందు పాయింట్ల గ్యాప్ సరిచేసి, తర్వాత డిస్ట్రిబ్యూటర్ తిప్పి, టైమింగ్ లైట్ వెలుగులో గుర్తులు కలుపుతారు. పికప్ పెరుగుతుందని యువకులు టైమింగ్‌ను బాగా ముందుకు జరిపిస్తుంటారు. ఒక హద్దు దాటితే పవర్ పెరగదు సరికదా, నాకింగ్‌తో పిస్టన్ దెబ్బతింటుంది. కొత్త కార్లలో టైమింగ్‌ను ఈసీయూ చూసుకుంటుంది. కొన్నింటిలో హైడ్రాలిక్ ట్యాపెట్లు గ్యాప్‌ను కూడా వాటంతట అవే సర్దుకుంటాయి.

బోటు, జనరేటర్, ఆయిల్ ఇంజిన్లకు మాత్రం ఇప్పటికీ ఫీలర్ గేజే దిక్కు. సెట్టింగ్ చేసిన తేదీ, ఎన్ని గంటలు నడిచిందీ ఓ పుస్తకంలో రాసుకుంటే చాలు.. ఇంజిన్ మోగే దాకా ఆగకుండా, మాన్యువల్ చెప్పిన గంటలకే కవర్ విప్పొచ్చు.