కట్టు విప్పితే చేయి వచ్చినట్టు కాదు

చిలకలూరిపేట: నల్లరేగడి చేలో గట్టు మీద కాలు జారితే మనిషి ముందుగా చేయి ఆనిస్తాడు. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడుతుంది. మణికట్టు విరుగుతుంది. పేట చుట్టుపక్కల పల్లెల్లో పత్తి తీసే, మిరపకాయలు కోసే ఆడవారికి ఆ చేయే ఆస్తి. పత్తి తీతకు కిలోల లెక్కన కూలి. మిరపకాయ తొడిమతో సహా రావాలంటే మణికట్టు తిరగాలి. అది తిరగకపోతే ముఠాలో చోటు పోతుంది. సీజను ఎవరి కోసమూ ఆగదు, మేస్త్రీ అసలే ఆగడు.

అందుకే చాలామంది కట్టు విప్పిన మర్నాడే చేలో దిగుతారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

పడినప్పుడు ఎక్కువగా విరిగేది ముంజేతి ఎముక చివర, బొటనవేలి వైపున. వయసు మళ్లిన ఆడవారిలో ఇది మరీ ఎక్కువ. ఐర్లాండు వైద్యుడు అబ్రహాం కొలిస్ ఈ విరుగుడును 1814లోనే వివరించాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో. నేటికీ వైద్యులు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. సరిగా కూర్చితే పిండికట్టుతో సుమారు ఆరు వారాల్లో అతుక్కుంటుంది.

మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో బొటనవేలి మొదట ఉండే ఎముక సంగతి వేరు. దానికి రక్త ప్రసారం తక్కువ. విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బెణుకేలే అని పసరు రాసి ఊరుకుంటే అతుక్కోకుండా ఉండిపోతుంది. నొప్పి తగ్గకపోతే పది, పదిహేను రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. పుత్తూరు కట్టు మీద ఎంత నమ్మకమున్నా, ఈ ఎముకను చేత్తో తడిమి తేల్చడం కుదరదు.

చేయి దెబ్బతిని మళ్లీ పనిలోకి రావడం ఎంత కష్టమో హైదరాబాదు టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జాను చూసినా తెలుస్తుంది. ఆమెకూ జీవనాధారం కుడిచేయే. 2007లో ఆమె సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి చేరారు. మరుసటి ఏడాదే కుడి మణికట్టు మొరాయించింది. శస్త్రచికిత్స జరిగింది. తల దువ్వుకోవడం కూడా చేతకాని రోజులవి అని తరువాత ఆమే చెప్పారు. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ మొదటి పోటీలోనే నొప్పి వల్ల ఆట మధ్యలో తప్పుకున్నారు. కొన్ని నెలలు దిగులుతో కుంగిపోయానని చెప్పడానికీ ఆమె మొహమాటపడలేదు. చేయి పడిపోయిన వారి ఇళ్లలో ఈ దిగులును ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు.

2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచారు. గ్రాండ్‌స్లామ్ టైటిల్ సాధించిన తొలి భారత మహిళ అయ్యారు. అయినా మణికట్టు బాధ మళ్లీ తిరగబెట్టింది. మోకాళ్లకూ ఆపరేషన్లు అయ్యాయి. 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్‌కే పరిమితమయ్యారు. డబుల్స్‌లో సగం కోర్టు జతగాళ్లే చూసుకుంటారు. 2015 ఏప్రిల్‌లో అందులోనే ప్రపంచంలో మొదటి స్థానం దక్కింది. 2023 వరకు ఆడారు.

సానియా దగ్గర డబ్బుంది, పక్కన వైద్యులున్నారు. కూలి మనిషికి అవి లేవు. కానీ ఖర్చులేని వైద్యం కూడా కొంత ఉంది. చేయి వాచక ముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. కట్టులో ఉండగానే వేళ్లు ఆడిస్తూ ఉండాలి. వేళ్లు నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా కట్టు బిగిసినట్టే. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. కట్టు తీశాక గోరువెచ్చని నీళ్లలో చేయి ఉంచి మెల్లగా పైకీ కిందికీ వంచాలి. తరువాత తడిగుడ్డ పిండటం, పిండి పిసకడం. పట్టు పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది.

ఈలోగా పూర్తిగా ఇంట్లో కూర్చోనక్కర్లేదు. కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి తాలు ఏరే పని ఉంటుంది. కూర్చుని చేసేదే, మంచి చేత్తో చేయవచ్చు. కాస్త దయగల రైతు, మేస్త్రీ ఉంటే ముఠాలో చోటు పోకుండా ఆ పని ఇప్పిస్తారు. టిక్కీలు ఎత్తడం, తాడు లాగడం మాత్రం ఆ సీజనుకు మానుకోవాల్సిందే.