పొరుగు భాష కథ.. మన తెలుగు పుస్తకం

హొసూరు, బళ్ళారి, బరంపురం, సోలాపూర్.. ఊరేదైనా మన తెలుగు బడుల్లో పిల్లల తీరు ఒక్కటే. ఇంట్లో తెలుగు, వీధిలో పొరుగు భాష. రెండూ గడగడా మాట్లాడతారు. తెలుగులో పది వాక్యాలు రాయమంటే మాత్రం కలం ఆగిపోతుంది. పాఠ్యపుస్తకం తప్ప మరో తెలుగు పుస్తకం చేతికందని పిల్లలే ఎక్కువ. చదవడానికి ఏమీ లేని భాష క్రమంగా ఇంటి మాటగానే మిగిలిపోతుంది. టీచర్లుగా మా బెంగ అదే.

ఈ లోటు కొంత తీర్చే ఉచిత సాధనం ఒకటుంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్' వెబ్‌సైట్ అది. అందులో బొమ్మల కథలు తెలుగుతోపాటు తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియాల్లోనూ ఉన్నాయి. చదివే స్థాయిని బట్టి వాటిని నాలుగు మెట్లుగా విడదీశారు. రచయిత, చిత్రకారుల పేర్లు పేర్కొంటే చాలు.. కథను అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అవే బొమ్మలతో కొత్త కథ అల్లుకోవచ్చు.

అనువాదం దగ్గరే మన పిల్లలది పైచేయి. రెండు భాషలు వాళ్ళ నోట్లోనే ఉన్నాయి మరి. మేము తరగతిలో మూడు పీరియడ్లుగా చేయిస్తున్నాం. మొదటి రోజు మొదటి మెట్టు కథను పొరుగు భాషలో చదివి, తెలుగులో నోటితో చెప్పిస్తాం. రెండో రోజు జట్టుకు రెండేసి పేజీలు రాయిస్తాం. మూడో రోజు అందరి వాక్యాలూ బోర్డు మీద పెట్టి, ఏది బాగుందో పిల్లల చేతే తేల్పిస్తాం.

అసలు పాఠం ఆ చర్చలోనే ఉంది. తమిళంలో 'అవసరం' అంటే తొందర, తెలుగులో కావలసినది. ఒడియాలో 'శిక్షా' అంటే చదువు, మనకు దండన. మరాఠీ 'అభ్యాస్' చదువుకోవడం, మన అభ్యాసం సాధన. కన్నడ 'హాలు', 'హులి', 'హూవు' పక్కన పాలు, పులి, పువ్వు రాయండి. 'హ' ఉన్నచోట 'ప' వస్తోందని పిల్లలే కనిపెడతారు. 'హల్లి' అంటే బల్లి, 'హళ్ళి' అంటే పల్లె. ల, ళ తేడా ఎందుకు పాటించాలో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

మాట తట్టకపోతే 'ఆంధ్రభారతి' వెబ్‌సైట్ ఉంది. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం వంటివాటిని అందులో ఒకేచోట వెతకవచ్చు. టైపు చేయడం కష్టమైతే ఫోన్‌లోని గూగుల్ కీబోర్డులో తెలుగు ఎంచుకుని, మైకు గుర్తు నొక్కి చెబితే అక్షరాలు పడతాయి. మన యాస మాటలు కొన్ని దానికి అందవు. ఆ తప్పులు దిద్దించండి, అదే మంచి అక్షరదోషాల పాఠం.

ఒక్క జాగ్రత్త. యంత్రం చేత మొత్తం అనువాదం చేయిస్తే పని క్షణంలో అయిపోతుంది, పిల్లలకు మాత్రం ఏమీ మిగలదు. ముందు పిల్లలు రాయాలి, తర్వాత కావాలంటే యంత్రం రాసినదానితో పోల్చి చూడాలి.

దీనికి కంప్యూటర్ గది అక్కర్లేదు, టీచర్ దగ్గర ఒక్క ఫోన్ చాలు. ఖాతా టీచర్ పేరుతోనే తెరవాలి. పిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు ఎక్కడా పెట్టవద్దు. పూర్తయిన కథను అచ్చు తీసి, కుట్టి, తరగతి గదిలో తాడుకు వేలాడదీస్తే అదే గ్రంథాలయం.

చుట్టూ తెలుగే వినిపించే యానాంలో ఇంగ్లిష్ కథలతో ఇదే పని చేయవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఇంటికొచ్చి "ఈ మాటను మనం ఏమంటాం?" అని అడిగితే విసుక్కోకండి. నానమ్మను, అమ్మమ్మను అడిగి చెప్పండి. పుస్తకాల్లో లేని మాటైనా సరే, రాయనివ్వండి. మన ఊరి తెలుగు అచ్చులో కనిపించేది మన పిల్లలు రాస్తేనే.