చేపల పక్కనే షికారు!

నందివాడ వాళ్లకి చేపల గురించి ఒకరు చెప్పాలా! ఎటు చూసినా చెరువులే. కానీ చేప ఉన్నచోటికే మనం దిగి, దాని పక్కన ఊపిరి తీసుకుంటూ తిరగడం... ఆ మజాయే వేరు. ఆ స్కూబా డైవింగ్ కోసం కరీబియన్ దీవుల దాకా ఎందుకు? చెన్నైలో విమానమెక్కితే రెండుగంటల పైచిలుకులో అండమాన్.

పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లో దిగి పడవెక్కితే హేవ్‌లాక్, నీల్ దీవులు. 2018లో వీటిని స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌గా మార్చారు. డైవింగ్ స్కూళ్లు, సందడి హేవ్‌లాక్‌లోనే ఎక్కువ. నీల్ బుల్లిది, సైకిలు మీద చుట్టేయొచ్చు. పిల్లలతో వెళ్తే మా ఓటు దానికే. పదేళ్లు నిండితే వాళ్లూ దిగొచ్చు. తొలిసారి సరదాకి దిగేవాళ్లని 12 మీటర్లు దాటనివ్వరు.

గదిలోంచి సముద్రం కనిపిస్తుందా అన్నది తర్వాత. ఒక్కో శిక్షకుడు ఎంతమందిని దింపుతాడు, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా... ముందు ఇవి అడగండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నాయేమో కనుక్కోకుండా నీళ్లలోకి దించేచోటు ఎంత చవకైనా వద్దు. ఏమైనా జరిగితే పెద్దాసుపత్రికి మళ్లీ సముద్రం దాటాలి మరి!

లోతులో ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. పైకొచ్చేకొద్దీ పీడనం తగ్గి ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది. ప్రాణానికే ముప్పు. చాలామంది పట్టించుకోనిది తిరుగు టిక్కెట్టు. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. అందుకే డైవింగ్ ముందురోజుల్లో పెట్టుకుని, చివరిరోజు సెల్యులార్ జైలుకి వదిలేయండి.