ఎదిగే పిల్లలకు మంచం, బల్ల, బీరువా



బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా పిల్లలకు విడిగా గది ఇవ్వగలిగిన ఇళ్లు తక్కువే. ఉన్న గదిలోనే ఒక మూల వాళ్లకు కేటాయిస్తాం. బిడ్డ బడికి వెళ్లడం మొదలుపెట్టగానే మంచం, బల్ల కొనాలన్న మాట వస్తుంది. కొనేముందు ఒక్క సంగతి ఆలోచించండి. పిల్లలు ఏటా ఎదుగుతారు, సామాను ఎదగదు.

ముందు మంచం సంగతి చూద్దాం. ఆరేళ్ల బిడ్డ సుమారు 3 ముప్పావు అడుగుల ఎత్తు ఉంటే, పన్నెండేళ్లకు 5 అడుగులకు చేరుకుంటుంది. ముచ్చటపడి బొమ్మల మంచం కొంటే నాలుగేళ్లు తిరక్కుండానే చాలకుండా పోతుంది. 6 అడుగుల 3 అంగుళాల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న మంచం పెద్దయ్యాక కూడా పనికివస్తుంది. ఎత్తు మాత్రం తక్కువగా ఉండాలి. నిద్రలో దొర్లే పిల్లలకు కొన్నాళ్లు పక్కన అడ్డుకర్ర బిగించండి. దోమతెర కట్టుకునే వీలు కూడా చూసుకోండి. ఒకదానిమీద ఒకటిగా ఉండే మంచాలైతే, ఆరేళ్ల లోపు పిల్లలను పైమంచం మీద పడుకోబెట్టవద్దు. తలపైన తిరిగే ఫ్యాను ఎంత దూరంలో ఉందో చూడకుండా అలాంటి మంచం అసలు కొనవద్దు.

అటక మీద తాతగారి నాటి టేకు మంచం ఉంటే అంతకంటే ఏం కావాలి? కాళ్లు కోయించి ఎత్తు తగ్గించుకోవచ్చు. అయితే దానికి పాతరంగు ఉంటే పొడిగా గీకకండి. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి రుద్దించండి, పని జరిగేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి.

ఇక చదువుకునే బల్ల. మామూలు బల్ల రెండున్నర అడుగుల ఎత్తుంటుంది. అది పెద్దవాళ్ల కొలత. బిడ్డ కూర్చున్నప్పుడు మోచేయి బల్ల అంచుకు సమానంగా రావాలి, పాదాలు ఊగులాడకుండా ఆనాలి. అందుకోసం చిన్న బల్ల కొననక్కరలేదు. కుర్చీమీద గట్టి దిండు వేయండి, కాళ్లకింద పీట పెట్టండి. బిడ్డ ఎదిగినకొద్దీ రెండూ తగ్గిస్తూ రండి.

అన్నిటికంటే ముఖ్యం బీరువా. పిల్లలు సొరుగులు లాగి వాటినే మెట్లలా ఎక్కుతారు. అప్పుడు బరువంతా ముందుకు వచ్చి బీరువా మీద పడుతుంది. క్షణంలో ప్రాణం మీదికి రావచ్చు. వడ్రంగిని పిలిచి పైభాగాన్ని ఇనుప పట్టీతో, మరమేకులతో గోడకు బిగించండి. బరువైనవి కింది అరల్లో పెట్టండి, టీవీ పైన పెట్టకండి. ఊచలు లేని కిటికీ కింద మంచం వేయకండి.

చివరగా, పుస్తకాల అర చేతికందే ఎత్తులో ఉండనివ్వండి. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదివే మన పిల్లలకు ఇంట్లో తెలుగు పుస్తకం అడగకుండా దొరకాలి కదా!

దుకాణానికి వెళ్లేముందు బిడ్డను గోడకు నిలబెట్టి కొలవండి, గదినీ కొలవండి. ఆ రెండు కొలతలూ కాగితం మీద రాసుకుని బయలుదేరండి. సెలవు.