మిరపకాయ మంట

ఏడాదికి సరిపడు ఎండుమిరపకాయలను గొని, ఎండబోసి, తొడిమలు దీసి, దంపించు పని ప్రతి యింటను ఆడువారిదే గదా. హిందూపురము మార్కెటుయార్డులో చింతపండుతో పాటు విరివిగా అమ్ముడగు సరకు ఈ మిరపకాయయే. గుంటూరు కాయకు కారమెక్కువ. కన్నడదేశపు బ్యాడగి కాయకు రంగెక్కువ. ఏ కాయ తొడిమలు దీసినను ఆ రాత్రి చేతులు నిప్పులలో బెట్టినట్లు మండుటయు, నీట ముంచినంతసేపు తగ్గి, తీసినవెంటనే మంట తిరుగబెట్టుటయు మా సోదరీమణులకు మేము చెప్పవలసిన సంగతి గాదు. అయితే చర్మము నిజముగా కాలినదా? కాలలేదు. కాలకయే కాలినట్లు తోచుటకు గల కారణము మిక్కిలి వింతయైనది.

మిరప మన దేశపు మొక్క గాదు. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వలన మన తీరమునకు వచ్చినది. 1565లో తళ్ళికోట యుద్ధము పిదప విజయనగర రాజధాని పెనుకొండకు చేరినది. ఆ రాజుల తాతముత్తాతల వంటశాలలలో మిరపకాయ లేదు, మిరియమే కారము.

మిరపలోని ఘాటుపదార్థమును కాప్సెయిసిన్ అందురు. అది గింజలలో నున్నదని పలువురనుకొందురు గాని, గింజలంటియున్న తెల్లని పొరలోనే హెచ్చు. మన చర్మమునందును, నాలుకమీదను, కంటిపొరయందును వేడిని, నొప్పిని తెలుపు సన్నని నరములు గలవు. వాని కొనలయందు తలుపులవంటి గ్రాహకములున్నవి. అందొకటి సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడికి తెరచుకొని, కాలుచున్నదని మెదడునకు వార్త నంపును. కాప్సెయిసిన్ వేడి లేకయే ఆ తలుపును తెరచును, మెదడు నమ్మును. మిరియములోని కారమును తట్టునది ఈ తలుపునే. దీనిని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 2021లో నోబెల్ బహుమానమును మరియొకరితో పంచుకొనెను. పక్షుల తలుపునకు మాత్రము కాప్సెయిసిన్ తాళపుచెవి పట్టదు. చిలుక పండుమిరపకాయను జామపండువలె కొఱికి తినుట అందువలననే.

మంట పుట్టినచోట ఎఱ్ఱబారుట మీరు చూచియే యుందురు. నరము వార్త నంపి యూరకుండదు. తన కొననుండి ఒక పదార్థమును విడుచును. దానివలన దగ్గరి రక్తనాళపు గోడలోని కండరము సడలి, నాళము వెడల్పై, నెత్తురు హెచ్చుగా పాఱును. అదే ఆ యెఱుపు.

ఇక వింతలో వింత. గంజాయిలోని మత్తుపదార్థము మెదడులో పనిచేయు తీరు వెదకుచు, జెరూసలేములో రఫాయెల్ మెషూలమ్ అను పండితుడును ఆయన తోడివారును, 1992లో పందిమెదడునుండి అట్టి పని చేయు సహజపదార్థమును తీసిరి. మన ఆనందశబ్దమును దీసికొని దానికి ఆనందమైడు అని పేరిడిరి. అది మన దేహములోను పుట్టుచునే యున్నది. అది రక్తనాళములను సడలించుట గంజాయి గ్రాహకము వలననే యని తలచుట సహజమే. కాని 1999లో స్వీడను దేశపు లుండ్‌నగర శాస్త్రజ్ఞులు జంతువుల ధమనులపై పరీక్షించి చూడగా, గంజాయి గ్రాహకమును మూసినను నాళము సడలినది. నరము విడుచు పదార్థమునకు అడ్డు పెట్టగా సడలుట తగ్గినది. అనగా ఆనందమైడు తెరచినది మిరపకాయ తలుపునే! నొప్పి తలుపునకు ఆనందము పేరుగల తాళపుచెవి యుండుట మాకెంతయు ఆశ్చర్యముగా నున్నది.

మఱి గంజాయి మాటయో? దాని మత్తుపదార్థము మరియొక తలుపును తట్టునని 2004లో తేలినది. అది ఆవఘాటు తలుపు. (ఆవలు నూఱి తడిపిననే ఆ ఘాటు పుట్టును, పోపులో చిటపటలాడిన ఆవలకు ఉండదు.)

ఇది చదివి, గంజాయితైలము నొప్పులకు మందనువారి మాట నమ్మరాదు. పరీక్షలో ధమని సడలుట వేరు, మనుష్యుని రోగము కుదురుట వేరు. గంజాయి పుచ్చుకొన్నవారికి కన్నులెఱ్ఱబారును, గుండె వేగము హెచ్చును, లేచి నిలిచినపుడు తల తిరుగును. తల్లి పుచ్చుకొన్న మత్తు చనుబాలలోనికి దిగును. 1985 చట్టము ననుసరించి అనుమతి లేక గంజాయి కలిగియుండుటయే నేరము.

కాప్సెయిసిన్ మందు మాత్రము వైద్యులు వాడునదే. ధర్మవరమున మగ్గపుగుంటలలో దినమంతయు కూర్చుండి పట్టుచీరలు నేయువారికి వచ్చునట్టి కీళ్ళనొప్పులకు కాప్సెయిసిన్ లేపనమును వైద్యులు వ్రాయుట గలదు. మొదట మండును, కొన్ని దినములు విడువక రాచిన పిదప ఆ నరము మొద్దుబాఱి నొప్పిని తెలుపదు. పుండుమీద రాయరాదు, రాచిన చేతితో పసిబిడ్డ నెత్తుకొనరాదు.

చేతులు మండినపుడు నీరొక్కటే చాలదు, కాప్సెయిసిన్ నీట కరగదు గనుక. ముందుగా వంటనూనె రాచి గుడ్డతో తుడిచి, పిదప సబ్బుతో కడుగవలెను. నోటి మంటకు పాలుగాని పెరుగుగాని మేలు. కంట బడినచో నలుపక, మంచినీటి ధారతో చాలసేపు కడిగి, మంట తగ్గనియెడల వైద్యునకు చూపవలెను.