తన తపాలాకు తానే ముద్ర

ఉత్తరమునకు లక్కముద్ర వేయుట మన పెద్దలెరిగిన పద్ధతియే. కాని నేడు మనము పంపుకొను ఈమెయిలు, తొలుత ముద్రయే కాదు, కవరైనను లేని కార్డువలె ప్రయాణము చేసెడిది. 1982లో దాని రవాణాకు నిబంధనలు కూర్చినప్పుడు రహస్యరక్షణ మాట అందు లేదు. దారిలో దానిని అందుకొనిన ప్రతి యంత్రమును చదువగలిగెడిది. దారిపొడవున గూఢలిపి కప్పు నిబంధన 1999లో గాని వెలువడలేదు.

పరుల కొట్టులో తమ జాబులుంచుట ఇష్టములేక, ఇంటనే ఈమెయిలు సర్వరు నెలకొల్పుకొనువారు కొందరు గలరు. మెచ్చదగిన స్వావలంబనమే. అట్టివారిలో పలువురు గూఢలిపికి కావలసిన సర్టిఫికెట్టును గూడ ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను ఉచిత సాధనముతో తామే తయారుచేసి, తామే సంతకము చేసికొందురు. నిమిషముల పని. ఇందుచే గూఢలిపి బలము తగ్గునని కొందరి భ్రమ. సంతకము ఎవరు చేసినను తాళము గట్టితనము ఒక్కటే. లోపము మరియొకచోట నున్నది.

దస్తావేజు వ్రాసియిచ్చినవాడే సాక్షి సంతకమును గూడ చేసిన చెల్లునా? ఇచ్చటను అంతే. ఆ పత్రము చూపునది మన యింటి సర్వరో, నడుమ దారికాచి మారువేషము వేసిన మోసగాని యంత్రమో, ఉత్త పత్రమును జూచి చెప్పుటకు వీలులేదు. అందుచేతనే ఫోనులోని ఈమెయిలు యాప్ దీనిని నమ్మవచ్చునా యని హెచ్చరించును. మనమేమి చేయుదుము? విసిగి 'సరే' యని నొక్కుదుము. రేపు దొంగ వచ్చినప్పుడును అదే హెచ్చరిక, అదే 'సరే'. పాస్‌వర్డు వాని చేతికి చిక్కును.

నివారణ కష్టమైనది కాదు. ప్రతి సర్టిఫికెట్టుకును వేలిముద్ర యనబడు అక్షరమాల యొకటి గలదు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అంకెలు, అక్షరముల కూర్పు. దానిని సర్వరు ఎదుటనే కూర్చుండి కాగితముపై వ్రాసికొని, ఫోనులో కనబడుదానితో తుదివరకు సరిచూచి, కలిసిన పిమ్మటనే అంగీకరింపవలెను. పొరుగూరి బంధువునకు దానిని టెలిఫోనులో చదివి వినిపింపవలెను గాని ఆ ఈమెయిలుననే పంపరాదు. గడువుతీరి పత్రము మార్చునపుడు ఇంటివారికి ముందే తెలుపవలెను. రహస్యపు తాళపుచెవి యుండు ఫైలును సర్వరు అధికారి దక్క అన్యులు చదువరాదు.

ఇంత శ్రమ యేల, పేరుగల ప్రమాణసంస్థల నాశ్రయింతమందురేమో. 2015 నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితముగనే పత్రములిచ్చుచున్నది. సొంత డొమైను పేరుండి, అపరిచితులతో పనిగలవారికి అదియే సులభము. కాని సంస్థలును దేవతలు కావు. 2011లో హాలెండులోని డిజినోటార్ సంస్థ యంత్రములలో చొరబడినవారు గూగుల్ పేర దొంగ పత్రము పుట్టించిరి. దానితో ఇరాను ప్రజల జాబులపై వల పన్నబడెను. ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసెను. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు అధికారము క్రిందనే గూగుల్ పేర అనధికార పత్రములు వెలువడినట్లు బయటపడగా, ప్రభుత్వ నియంత్రణాధికారి ఆ అధికారమును రద్దుచేయవలసివచ్చెను. నలుగురు కుటుంబీకులు మాత్రమే వాడు సర్వరునకు, స్వయముగా సరిచూచిన వేలిముద్ర యేమాత్రము తీసిపోదని మా అభిప్రాయము.

అయితే ఈ ముద్ర మన ఫోనునకును మన సర్వరునకును నడుమ దారికే. మిత్రుని సర్వరు చేరిన జాబు అచ్చట విప్పియే యుండును. నిజముగా దాచవలసినదానిని ఓపెన్ పీజీపీ వంటి పద్ధతితో జాబునే గూఢలిపిలో వ్రాసి పంపవలసియుండును. అందులకు మిత్రుడును సిద్ధపడవలెను.